కోళ్ల పుస్తకం శుభ్రం చేశాను

నాకొచ్చిన చదువు మూడు ముక్కలు. బస్సు బోర్డు కూడబలుక్కుంటాను, సంతకం పెడతాను, అచ్చులో ఉన్న పెద్ద అక్షరాలను ఒక్కొక్కటిగా పట్టుకుంటాను. గొలుసుకట్టు రాత చూస్తే మాత్రం చీమలు బారులు తీరినట్టే ఉంటుంది. అలాంటిదాన్ని ఇరవై ఆరేళ్లు విజయనగరంలో ఒక గ్రంథాలయంలో పనిచేశాను. ఊడ్చాను, దులిపాను, కుండలో నీళ్లు నింపాను, పుస్తకాలు అరల్లో సర్దాను. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరిన పిల్లలు, నువ్వు చెప్పు మేం రాసుకుంటాం అన్నారు. చెబుతున్నాను. నా యాస తీసేసి అచ్చు భాషలోకి మారుస్తారని తెలుసు. మార్చుకోండి. నా మాటల్ని దిద్దండి గానీ నేను చేసిన తప్పును మాత్రం దిద్దకండి. దాన్ని చెప్పడానికే కూర్చున్నాను.

మా పుట్టింటివాళ్లు సముద్రం మీద బతికినవాళ్లు. చేప తాజాదా కాదా అని మా అమ్మ మొప్ప ఎత్తి చూసేది. నేను పుస్తకం అంచు చూస్తాను. మా ఇంటాయన ఆ గ్రంథాలయంలో కాపలా ఉండేవాడు. ఆయన పోయాక ఆయన కూర్చునే స్టూలు నాకిచ్చారు, చీపురు అదనంగా ఇచ్చారు. మొదట్లో పుస్తకాలంటే నాకు బరువే. ఏది ఎక్కడ పెట్టాలో బొమ్మలను బట్టి, అట్ట రంగును బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. కొన్నేళ్లకు మురికిని చదవడం వచ్చింది.

నవ్వకండి. వంటల పుస్తకం మంచిదైతే దానికి పసుపు అంటుతుంది. ఏ పేజీకి ఎక్కువ పసుపుంటే ఆ కూర బాగా కుదురుతుందని అర్థం. కుట్టుపని పుస్తకంలో బొమ్మల చుట్టూ గుండుసూది పొడుపులుంటాయి. మోటారు బాగుచేసే పుస్తకానికి గ్రీజు వేలిముద్రలు. వయొలిన్ నేర్పే పుస్తకం ఒకటుండేది, దానికి మురికి లేదు గానీ ఎక్కడ తెరిచినా ఒళ్లు విరుచుకుని పరుచుకునేది. ఎన్ని ఇళ్లల్లో ఎన్ని గంటలు తెరిచిపెట్టుకున్నారో. పనికిరాని పుస్తకమైతే మొదటి పది పేజీలు నలిగి, ఆ తర్వాతంతా కొత్త దుప్పటిలా ఉంటుంది. పదో పేజీ దగ్గర అందరూ దిగిపోయారన్నమాట, నడిదారిలో ఆగిపోయిన బస్సు దిగినట్టు.

కథల పుస్తకాల సంగతి నాకు తెలియదు. పని నేర్పే పుస్తకాల సంగతే చెబుతున్నాను. వాటికోసం వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకరు కొత్తవాళ్లు. వీళ్లు గొంతు తగ్గించి అడుగుతారు, ఏదో అప్పుకు వచ్చినట్టు. ముందు బొమ్మలు చూస్తారు. "ఇది నావల్ల అవుతుందా" అనేది ఒక్కటే వాళ్లకు కావాలి. రెండోరకం పిచ్చోళ్లు. వీళ్లకు ఆ పని ముందే వచ్చు. అయినా వస్తారు. పుస్తకంతో తగువాడ్డానికి వస్తారు. తప్పు, తప్పు అని గొణుక్కుంటూ ఎంత సంతోషంగా చదువుతారో. చదివి ఊరుకోరు, పెన్సిలు తీసి అంచుల్లో రాస్తారు. గ్రంథాలయంలో అది నేరం. అలా రాసేవాళ్లను పట్టుకోవడం నా పనుల్లో ఒకటి, నాకు ఇష్టమైన పని కూడా. మొగుడు పోయిన ఆడదానికి మగవాళ్ల మీద అరిచే అధికారం ఇంకెక్కడ దొరుకుతుంది.

ఇక కోళ్ల పుస్తకం. నాటుకోడి గుడ్లను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, బల్బు వేడితో పొదిగించి పిల్లలు తీయడం ఎలాగో చెప్పే సన్నటి పుస్తకం అది. అట్ట మీద ఒక కోడి, దానికి రెండు కళ్లూ ఒకే వైపు వేశారు ఆ బొమ్మ గీసినాయన. లోపల అచ్చు చుట్టూ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెన్సిలు రాతలు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. ఒక రాత అయితే కాగితం చిరిగేలా ఒత్తి రాసింది. దాని పక్కన ఇంకెవరిదో సన్న రాత. పసుపు లేదు, గ్రీజు లేదు గానీ ఈక ఒకటి ఎప్పుడూ లోపల ఉండేది.

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు మాకు కొత్త మేడం వచ్చారు. చిన్నవయసు, శుభ్రత ఎక్కువ. తనిఖీకి పైవాళ్లు వస్తున్నారని తెలిసి, పుస్తకాల మీద పిచ్చిరాతలన్నీ తుడిచేయమన్నారు. నాకు నాలుగు రబ్బర్లు కొనిచ్చారు. నేను పని మొదలుపెడితే మధ్యలో వదిలేదాన్ని కాదు. కోళ్ల పుస్తకం రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒత్తి రాసిన చోట రబ్బరు విరిగింది కూడా. ఆఖరికి ఎంత తెల్లగా తేలిందంటే, మేడం చూసి, "ఇది మన పుస్తకమేనా అమ్మా" అన్నారు. ఆ రోజు నేను టీ రెండుసార్లు తాగాను.

తనిఖీ అయింది. బాగుందన్నారు. వానలు పట్టాయి. ఒకరోజు పదకొండు గంటలకు ఒక మనిషి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, శృంగవరపుకోట అవతల ఏదో పల్లె. చీర కుచ్చిళ్లు తడిసి కాళ్లకు చుట్టుకుంటున్నాయి. ప్లాస్టిక్ కవరులోంచి కోళ్ల పుస్తకం తీసి నా ముందు బల్ల మీద పెట్టింది.

"పిన్నీ, ఇలాటిదే ఇంకోటి ఉన్నాదా?"

"ఏటి, ఇది సాల్లేదా నీకు?"

"ఇది కాదు. రాతలున్నది కావాల. పెన్సిలు రాతలున్నది."

నా చెయ్యి తుడుస్తున్న బల్ల మీదే ఆగిపోయింది.

ఆమె చెప్పిందంతా విన్నాను. వాళ్ల పక్కింటామె రెండేళ్ల కిందట ఈ పుస్తకం పట్టుకెళ్లి పిల్లలు తీసింది. బాగా వచ్చాయి. అది చూసి ఈమెకూ ఆశ పుట్టింది. ఊళ్లో ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లను అడిగి గుడ్లు తెచ్చింది. మావైపు కోళ్లను పాలుకు ఇవ్వడం ఉంది కదా, నా కోడిని నువ్వు పెంచు, పిల్లల్లో సగం నాకు, సగం నీకు అని. ఈమె గుడ్లను పాలుకు అడిగింది. మొత్తం యాభై గుడ్లు. గుడ్డు అమ్మితే చేతికి నాలుగు రాళ్లు వస్తాయి, ఉడకబెడితే పిల్లలు తింటారు. వాటిని ఒక పెట్టెలో పెట్టడానికి ఇచ్చారంటే ఆమె మాట మీదే. వాళ్ల అత్త ఒక్కతే ఇవ్వలేదట. "నా కోడి ఉన్నాది పొదగడానికి, నీ బల్బు ఎందుకు" అందట.

గుడ్లు పెట్టి అప్పటికి ఆరు రోజులు. పుస్తకంలో అచ్చులో ఎలా ఉంటే అలా చేస్తోంది. ముందురోజు పక్కింటామెకు ఫోను చేస్తే, ఆమె ఇప్పుడు చెన్నైలో ఉంటోంది, "అచ్చు నమ్మకే, అందులో పెన్సిలు రాత సూసి సెయ్యి, నేకపోతే అన్నీ పోతాయి" అందట. ఈమె పుస్తకమంతా తిరగేసింది. రాతల్లేవు.

"రాతలేవి పిన్నీ?"

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. "ఏమో తల్లీ, పురుగు తినేసుంటాది" అన్నాను. పురుగు అచ్చును వదిలి పెన్సిలును మాత్రం తింటుందా. ఆమె నన్ను అనుమానంగా కూడా చూడలేదు. నమ్మింది. అది చూసి నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే.

"ఆ సెన్నై ఆమెకి మళ్లీ ఫోను సెయ్యి. గుర్తున్న కాడికి సెప్పమను" అన్నాను.

చేసింది. ఫోను బల్ల మీద పెట్టి గొంతు పెంచింది. చదువుకుంటున్న ముసలాయన ఒకరు తలెత్తి చూశారు. రోజూ నేను అందరినీ నోరుముయ్యమనేదాన్ని, ఆ రోజు నన్నే అందరూ చూశారు.

"అప్పా, ఆ రాతల్లో ఏటున్నాదో సెప్పు."

"నీళ్ల సంగతి ఏదో ఉన్నాది. గిన్ని ఎట్టమన్నాడో, వద్దన్నాడో."

"రెండిట్లో ఏదప్పా?"

"నాకేటి తెలుసు. నాను పుస్తకం సూసి సేసినాను గానీ బుర్రలో ఎట్టుకున్నానా? పుస్తకం ఉన్నాది గదా అనుకున్నాను. ఉండు, ఇక్కడ మేస్త్రీ అరుస్తన్నాడు."

ఫోను ఆగిపోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "యాభై గుడ్లు పిన్నీ" అంది. "అవి పోతే ఆ ఎనిమిది ఇళ్ల ముందు నాను తలెత్తుకోనేను. మా అత్త ఇంక బతకనివ్వదు."

అప్పుడు చెప్పాను. "ఒసే గుంటా, పురుగూ కాదు ఏటీ కాదు. నానే తుడిసేసినాను."

మేడం గదిలోకి వెళ్లి అక్కడా చెప్పాను. మేడం, "తుడవమన్నది నేను కదా అమ్మా" అన్నారు. అలా ఒప్పుకున్న అధికారిని నేను ఇరవై ఆరేళ్లలో ఆమెనొక్కదాన్నే చూశాను. పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, పేజీని కంటికి అడ్డంగా, వెలుతురుకు వాలుగా పట్టుకున్నారు. పెన్సిలు పోయినా గాడి మిగిలింది. ఒత్తి రాసినవాడి పుణ్యం. మేడం ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివారు, నేను బస్సు బోర్డు చదివినట్టు.

"మన... వైపు... గాలిలో... నీళ్లు. తర్వాత ఏదో పోయింది. 'రోజు వరకు పెట్టొద్దు.' ఎన్నో రోజు వరకో పోయింది. అక్కడే బాగా రుద్దేశావమ్మా."

బాగా రుద్దాను. రబ్బరు విరిగింది అక్కడే.

"ఎవరు రాశారో తెలిస్తే..." అన్నారు మేడం.

నాకు తెలుసు. ఆ ఒత్తుడు రాత మనిషిని అయిదారేళ్ల కిందట నేనే పట్టుకున్నాను. బస్సుల డిపోలో మెకానిక్ పనిచేసి రిటైరైన ఆయన, గరివిడి దగ్గర ఉంటాడు. ఈ పుస్తకాన్నే ఇంటికి పట్టుకెళ్లి, గడువు తీరగానే తెచ్చి, మళ్లీ రాయించుకుని పట్టుకెళ్లేవాడు. ఒకరోజు చదివే గదిలో కూర్చుని రాస్తుంటే పెన్సిలు లాక్కున్నాను. "ముసిలోడివి, సిగ్గు నేదా, సర్కారు పుస్తకం మీద మురికి రాస్తావా" అని నలుగురిలో అరిచాను. అప్పటి అధికారి ఆయన కార్డు రద్దు చేశారు. ఆయన మరి రాలేదు. పాత రిజిస్టరులో చిరునామా దొరికింది.

మర్నాడు మాకు సెలవు. పుస్తకాన్ని పమిటలో చుట్టుకుని బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను. ఆ ఇంటి పెరట్లో అడుగుపెట్టేసరికి ముప్పై నలభై కోళ్లు కాళ్లకు అడ్డంపడ్డాయి, అనుకున్నదంతా మర్చిపోయాను. ఆయన పంచె ఎగ్గట్టుకుని నూకలు చల్లుతున్నాడు. నన్ను చూసి చల్లడం ఆపలేదు.

"గుర్తుపట్టినాను. పెన్సిలు లాక్కున్న మారాణివి" అన్నాడు.

"అవునన్నయ్యా."

"ఇంటికొచ్చి కూడా లాక్కుంటావేటి? లోపల రెండున్నాయి, అట్టుకెల్లు."

"లాక్కోడానికి రానేదు. నువ్వు రాసిందంతా నాను తుడిసేసినాను. అది సెప్పడానికొచ్చినాను."

పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆయన తెరిచాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. తిట్టలేదు. తిడితే బాగుండేది. నూకల చేటను గోడ మీద పెట్టి, అరుగు మీద కూర్చుని, చివరి పేజీ దాకా తిప్పి చూశాడు. కోళ్లు చేటలోకి ఎగిరి తింటున్నా పట్టించుకోలేదు.

"మూడేళ్లు" అన్నాడు. "రోజుకింత అని రాసుకున్నాను. మా ఇంట్లోది పోయిన ఏడు ఇదే నాకు మాటాడ్డానికి దొరికినాది."

నేను ఆయన భార్య సంగతి ఎప్పుడూ అడగలేదు. నాకైతే మొగుడు పోయాక చీపురు దొరికింది మాటాడ్డానికి. ఆ మాట ఆయనతో అనలేదు గానీ, అక్కడే అరుగు కింద మెట్టు మీద కూర్చున్నాను. యాభై గుడ్ల సంగతి చెప్పాను. ఎనిమిది ఇళ్ల సంగతి, అత్త సంగతి చెప్పాను.

"అయితే నాకేటి? కార్డు తీసేసినారు గదా. మీ మేడంనే సెప్పమను" అన్నాడు.

"సరే, ఎల్లొస్తాను. పుస్తకం ఇయ్యి."

ఇవ్వలేదు. కళ్లు ఒక చోట ఆగిపోయాయి. అచ్చు వాక్యం ఏదో చదివినట్టున్నాడు. పెదాలు కదిలాయి. "తప్పు" అన్నాడు, తనలో తనే. ఇంకో వాక్యం చదివాడు. "ఇదీ తప్పే. మొదటి రోజు నుంచి గిన్ని నిండా నీళ్లంట. ఈడెక్కడ పుట్టినాడు? ఈడికి వానాకాలం తెలుసునా?" అని, లోపలికి చూసి, "పెన్సిలు ఏదీ" అన్నాడు. పిచ్చోడి పిచ్చి మీద నాకు ఆ రోజు గౌరవం పుట్టింది. వాడికి గొడవపడ్డానికి పుస్తకాన్ని మించిన మనిషి లేడు.

గబగబా రాయడం మొదలుపెట్టాడు. అదే ఒత్తుడు. ఒక అంచు నిండాక నాకు చదివి వినిపించాడు. చెమ్మ శాతం ఇంత, ఆవిరి ఇంత అని ఏవో అంకెలు.

"నాకు అరదం కానేదు" అన్నాను.

"నీకెందుకు అరదమవడం? నువ్వు పెడతన్నావా గుడ్లు?"

"నాకే అరదం కాకపోతే, బుర్ర తిరిగిపోయున్న ఆ గుంటకి ఎలాగవుతాది? శాతం అంటే ఏటో సెప్పు. గిన్నితో సెప్పు."

ఆయన నన్ను ఒక చూపు చూశాడు. తుడిచిందిగాక పాఠం కూడా చెబుతోందని. అయినా చెప్పాడు. మనది సముద్రం పక్క గాలి, వానల్లో ఉప్పు డబ్బాలోనే నీరు దిగుతుంది, అలాంటి గాలికి పెట్టెలో మళ్లీ గిన్నె నిండా నీళ్లెందుకు? గుడ్డులో నీరు కొంత ఆరాలి, ఆరకపోతే లోపల పిల్ల ఉబ్బి, పెంకు పొడవలేక ఉక్కిరిబిక్కిరై పోతుంది. పద్దెనిమిదో రోజు దాకా మనవైపు వానాకాలంలో నీళ్లు పెట్టకూడదు. ఆ రోజు నుంచి పెట్టాలి, రోజూ గుడ్లను అటూ ఇటూ తిప్పడం ఆపాలి, మూత తీయకూడదు.

"ఆరు రోజులు నీళ్లెట్టేసినాది గదా. పోయినట్టేనా?"

"ఫోను లైటు గుడ్డు కింద ఎట్టి సూడమను. లావుగా ఉన్న కొస కాడ ఖాళీ కనపడతాది. రోజురోజుకీ అది పెరగాల. పెరగనేదంటే లోపల ఇంకా తడున్నాది. గిన్ని తీసేస్తే ఆరుతాది. టైమున్నాది."

"అది రాయి. ఖాళీ ఎంతుండాలో బొమ్మ గియ్యి."

గీశాడు. నేను చూశాను. చదువు రాని నాకు కూడా తెలిసింది. ఇంకో రెండు పేజీలు అలాగే నడిచాయి. ఆయన రాయడం, నేను అర్థం కాలేదనడం, ఆయన కోడిని తరిమినట్టు చెయ్యి విసరడం, మళ్లీ రాయడం. కరెంటు పోతే ఏం చేయాలని అడిగాను. దుప్పటి కప్పాలి, తెరిచి చూడకూడదు. ఎంతసేపు? మన కరెంటు ఎంతసేపు పోతుందో అంతసేపు. నవ్వుకున్నాం.

అప్పుడు అడిగాను. "నీకు మొదటిసారి ఎన్ని వచ్చినాయి?"

పెన్సిలు ఆగింది. "ఎప్పటి మాటో."

"ఎన్నన్నయ్యా?"

"ముప్పై ఎట్టినాను. ఒక్కటీ రానేదు. రెండోసారి నాలుగు. మా ఇంట్లోది ఆ పెట్టిని అట్టుకెల్లి రోడ్డు మీద పడేసినాది."

"అది రాయి."

"అదెందుకు? పిల్లలు తియ్యడం ఎలాగని పుస్తకం. నా పరువు తియ్యడం ఎలాగని కాదు."

"ఆ గుంట ఇప్పుడు బుగ్గి అయిపోనాననుకుంటన్నాది. తన వల్లే అనుకుంటన్నాది. నీ ముప్పై పోనాయని తెలిస్తే ఆ పెట్టి కాడ ధైర్యంగా కూకుంటాది."

ఆయన పెన్సిలు మొన చూసుకుని రాశాడు. ఆ వాక్యం మాత్రం ఒత్తలేదు, సన్నగా రాశాడు.

పని నేర్పే పుస్తకాల గురించి నాకు తెలిసిందంతా ఆ అరుగు కింద మెట్టు మీదే తెలిసింది. రాసేవాళ్లు తమకు వచ్చినది రాస్తారు. రానప్పుడు ఎలా ఉండేవాళ్లో మర్చిపోతారు. కొత్తవాడికి కావలసింది ఆ మర్చిపోయినదే. పిచ్చోడికి కావలసింది వేరు, వాడికి అంచుల్లో ఖాళీ కావాలి. మీలో ఎవరైనా ఎప్పుడైనా పుస్తకం అచ్చు వేయిస్తే కాగితం పిసినారితనం చేయకండి. ఖాళీ వదలండి. రాయడం వచ్చినవాడు మీరొక్కరే కాదు.

అక్కడి నుంచే ఆ యాభై గుడ్ల ఆమెకు ఫోను చేయించాను. గిన్నె తీసేసింది. లైటు పెట్టి చూసింది, ఖాళీ బొటనవేలి గోరంత కూడా లేదంది. మూడు రోజులకు కొంచెం పెరిగిందంది. అయినవాళ్ల జ్వరం కనుక్కున్నట్టు రోజూ ఫోను. మేడం కూడా రాగానే, "ఖాళీ ఎంతైంది" అని అడిగేవారు. పుస్తకం నేను బస్సులో కండక్టరుకు అప్పగిస్తే ఆమె శృంగవరపుకోటలో తీసుకుంది. మెకానిక్ కార్డు మేడం మళ్లీ రాసిచ్చారు, ఈసారి పెన్సిలు వాడకం గురించి నా ముందు ఏమీ అనలేదు.

ఇరవై ఒకటో రోజు నేను ఆ ఊరు వెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను. ఒక్క గది ఇల్లు. మంచం మీద పెట్టె, పెట్టె చుట్టూ ఎనిమిది ఇళ్ల ఆడవాళ్లు. అత్త గుమ్మంలో కూర్చుని పొగాకు నములుతోంది. నన్ను చూసి జరగలేదు.

"కోడి అయితే ఒక్కటే కూకుంటాది" అంది. "ఈ పెట్టిని పొదగడానికి తొమ్మిది మంది కూకోవలసి వచ్చినాది."

గుడ్లు అడిగి తెచ్చిన ఆమె మాత్రం మూల నిలబడి ఉంది. మొహం వాడిపోయింది. నేను పక్కకు వెళ్లగానే చెవిలో చెప్పింది. ముందురోజు సాయంత్రం ఒక గుడ్డు మీద, లోపలి నుంచి పిల్ల పొడిచిన పొక్కు కనబడింది. ఊళ్లో తెలిసి అందరూ వచ్చారు. ఎవరి గుడ్డో చూస్తామన్నారు. మూత తీయకూడదని పుస్తకంలో ఉందని తెలుసు. అడిగేవాళ్లకు కాదనలేక మూడుసార్లు తీసింది.

"అత్త కూడా సూస్తానంది పిన్నీ. ఇన్నాళ్లకి ఒకపాలి సూస్తానంటే ఎలాగ వద్దనను."

తప్పని అనడానికి నేనెవరిని. మధ్యాహ్నం అన్నాలకు కూడా ఎవరూ కదల్లేదు. మొదటి కూత వినబడింది. గదిలో అందరూ ఒక్కసారే పెట్టె మీదికి వంగారు. పెట్టెకు ఒక పక్క బిగించిన అద్దంలోంచి కనబడుతోంది, తడిసిన గుడ్డపేలికలాంటిది ఒకటి పెంకులోంచి జారి పడింది. తర్వాత ఇంకోటి. సాయంత్రానికి పెట్టెలో సంతలాగా అయింది. ముప్పై రెండు పిల్లలు. ముందే లైటుకు పట్టుబడి తీసేసిన, పిల్ల కట్టని ఉత్త గుడ్లు కొన్ని, అసలు కదలనివి కొన్ని. నాలుగు మాత్రం పెంకు పొడిచి, ముక్కు బయటపెట్టి, అలాగే ఎండిపోయి ఉన్నాయి.

పంపకం మొదలైంది. అక్కడ చూడాలి. బతికిన పిల్లలన్నీ ఎవరికి వాళ్ల గుడ్లవే. "ఆ ఎర్రది మా పుంజు రంగు" అని ఒకరు, "ఆ మెడ మాది" అని ఒకరు. ఉత్త గుడ్లు మాత్రం ఎవరివీ కావు. చచ్చినవైతే అసలు ఈ ఊరివే కానట్టు మాట్లాడారు.

"ఆ నాలుగూ ఎవరియైనా గానీ, పోయినాయి నా వల్ల" అంది ఆమె.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మూత తియ్యొద్దని పుస్తకంలో ఉన్నాది. నాను తీసినాను. పొడిసిన పిల్లలకి గాలి తగిలి పొర ఎండిపోనాది. సంపినాది నానే."

వాళ్లలో గట్టి మనిషి ఒకామె ఉంది, అందరికన్నా ఎక్కువ గుడ్లిచ్చింది ఆమే. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అంటే అందులో మా గుడ్లు ఉండుంటే నువ్వు సంపినట్టేనా" అంది.

"అవును."

తప్పు కాదనేవాళ్లతో పోట్లాడ్డం వస్తుంది గానీ, అవునన్నవాళ్లతో పోట్లాడ్డం మావైపు ఎవరికీ నేర్పలేదు. ఒప్పుకున్న ఆమె మంచం కింద నుంచి పుస్తకం తీసింది. పిల్లాడి బడి సంచిలోంచి పెన్సిలు తీసుకుని, గోడకు ఆనించి, మూత గురించి ఉన్న పేజీలో మెకానిక్ రాత కింద రాసింది. నాలాగే ఆమెకూ రాత అలవాటు తక్కువ. చాలాసేపు పట్టింది.

"ఏటది రాసింది? సదువు" అంది అత్త గుమ్మంలోంచి.

చదివింది. "ఇరవయ్యో రోజు నాను మూడుసార్లు మూత తీసినాను. నలుగురు అడిగినారని తీసినాను. నాలుగు పిల్లలు పోనాయి. ఎవరడిగినా తియ్యకండి."

అత్త పొగాకు ఉమ్మి వచ్చి, "ఆ నలుగురిలో నానూ ఉన్నానని రాసినావేటి" అంది.

"పేరు రాయనేదు అత్తా."

ఆ గట్టి మనిషి తన వంతు పిల్లలను ఒళ్లో వేసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఇంటి కాడ ఇంకో పన్నెండు గుడ్లున్నాయి, అట్టుకొస్తాను" అంది. "ఈపాలి ఆ పెట్టికి తాళం ఎయ్యి. తాళంసెవి నాకు మాత్రం ఇయ్యకు. నాను ఆగనేను."